జూలియా మెయిట్‌లాండ్ రచనలలో రాజమండ్రి: హాస్యం, సాక్ష్యం, మౌనం

వ్యాససంగ్రహం:

పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల రచయిత్రి జూలియా షార్లెట్ మెయిట్‌లాండ్ 1836-1839 మధ్య మద్రాసు, రాజమండ్రి, బెంగుళూరులలో నివసించి రాసిన లేఖలు 1843లో లండన్‌లో ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’ పేరుతో వెలువడ్డాయి. ఆనకట్టకు ముందునాటి గోదావరి ప్రాంతపు జీవితానికీ, అక్కడి తొలి ఆంగ్ల విద్యాప్రయత్నాలకూ ఈ గ్రంథం ఒక ఆధారంగా ఉపయోగపడుతోంది. అయితే దీనిని సమాచారపు గనిగా మాత్రమే చూసినప్పుడు, అది ప్రధానంగా ఒక హాస్యరచన అనే విషయం మరుగున పడుతుంది. లేఖారూపం, హాస్యపద్ధతి, విద్యాప్రయత్నాల కథనం, తర్వాతి బాలసాహిత్యం అనే నాలుగు కోణాలనుంచి ఆమె రచనలను పరిశీలించి, తెలుగు పరిశోధకులు వాటిని సాక్ష్యంగా స్వీకరించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జూలియా మెయిట్‌లాండ్, రాజమండ్రి, యాత్రాసాహిత్యం, లేఖాసాహిత్యం, ఏనుగుల వీరాస్వామయ్య, వలసపాలన, అర్జీ భాష, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు ప్రాంతాల గురించి ఆంగ్లేయులు రాసిన పుస్తకాలలో ఎక్కువ భాగం ఉద్యోగుల నివేదికలు, సైనికుల జ్ఞాపకాలు, మతప్రచారకుల ఉత్తరాలు. గోదావరి ఒడ్డున ఒక జిల్లా న్యాయాధికారి బంగళాలో కూర్చుని, ఇంగ్లండులోని తల్లికీ బంధువులకూ ఒక యువతి రాసిన ఉత్తరాలు వీటిలో అరుదైనవి. జూలియా మెయిట్‌లాండ్ రాజమండ్రికి వచ్చేనాటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. ఆర్థర్ కాటన్ దాని నిర్మాణం మొదలుపెట్టినది 1847లో, పూర్తయినది 1852లో. కందుకూరి వీరేశలింగం పుట్టింది 1848లో. సాహిత్యచరిత్రకారులు సాధారణంగా రాజమండ్రి ‘ఆధునికత’ను ఎక్కడినుంచి లెక్కిస్తారో, దానికి ఒక తరం ముందరి పట్నం ఆమె లేఖలలో కనిపిస్తుంది.

ఈ కారణంవల్లనే ఆమె పుస్తకాన్ని పరిశోధకులు ఆశగా తెరుస్తారు. బడి ఎప్పుడు పెట్టారు, ఎవరు చదివారు, జమీందార్లు న్యాయాధికారిని ఎలా పలకరించారు వంటి వివరాలు ఏరుకుంటారు. ఆ వివరాలు ఏ స్వరంలో చెప్పబడ్డాయన్న ప్రశ్న మాత్రం వెనకబడుతుంది. నవ్వించడానికి చెప్పిన మాటను నివేదికగా తీసుకుంటే పరిశోధన ఫలితమే మారిపోతుంది. కాబట్టి గ్రంథాన్ని ముందు రచనగా చదివి, తర్వాతే ఆధారంగా వాడాలి.

2. రచయిత్రి, రచనా నేపథ్యం:

జూలియా 1808లో ఇంగ్లండులోని రిచ్‌మండ్‌లో జన్మించారు. తల్లి షార్లెట్ బారెట్. ‘ఎవెలీనా’ (1778), ‘సెసీలియా’ (1782) నవలలతో ఆంగ్లసాహిత్యంలో స్థిరపడిన ఫానీ బర్నీకి షార్లెట్ చెల్లెలి కూతురు. ఫానీ బర్నీ దినచర్యలనూ లేఖలనూ పరిష్కరించి 1842 నుంచి 1846 వరకు సంపుటాలుగా ప్రచురించింది కూడా ఆమే. అంటే జూలియా పుస్తకం అచ్చయిన 1843 నాటికి ఆమె పుట్టింట ఇంటి ఉత్తరాలను గ్రంథంగా మార్చే పని ముమ్మరంగా సాగుతూ ఉంది. ఏ ఉత్తరం ఉంచాలి, ఏ పేరు దాచాలి, ఏ సంగతి కుదించాలి అన్న విద్య ఆ కుటుంబానికి కొత్తది కాదు.

1836లో మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి జేమ్స్ థామస్‌తో ఆమె వివాహం జరిగింది. అదే సంవత్సరం దంపతులు ఓడలో మద్రాసు చేరారు. 1837లో థామస్ రాజమండ్రి న్యాయాధికారిగా నియమితులైనందున వారి కాపురం అక్కడికి మారింది. 1840లో థామస్ మరణించారు. ఇంగ్లండులో జూలియా 1842లో చార్లెస్ మెయిట్‌లాండ్‌ను వివాహమాడారు. మరుసటి సంవత్సరం జాన్ ముర్రే సంస్థ ఆమె లేఖలను రచయిత్రి పేరు లేకుండా, ‘ఒక స్త్రీ’ రాసినవిగా ప్రచురించింది. 1846లో మలిముద్రణ వచ్చింది. లేఖలలో భర్త కూడా ఒక పొడి అక్షరంగానే కనిపిస్తారు. తర్వాత ఆమె పిల్లలకోసం కథాపుస్తకాలు రాశారు. 1864లో మరణించారు.

పేరు దాచుకోవడం ఆ కాలపు స్త్రీల మర్యాదలో భాగమే. అయితే దానికి మరొక ప్రయోజనం కూడా ఉంది. కంపెనీ ఉద్యోగి భార్య కంపెనీ పాలనను విమర్శించడానికి ఆ ముసుగు వీలు కల్పించింది. హిందూ ఉత్సవాల నిర్వహణలో ప్రభుత్వం పాలుపంచుకోవడం ఆనాడు మద్రాసులో తీవ్ర వివాదం. సేనాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్‌లాండ్ 1838లో ఈ విషయంపైనే పదవి వదులుకున్నారు. జూలియా లేఖలు ఈ వివాదంలో ఒక పక్షం వహిస్తాయి. అందువల్ల అవి పైకి ఎంత చనువుగా సాగినా, ముద్రిత రూపంలో బహిరంగ వాదనలు కూడా.

3. లేఖారూపం: రెండు చెన్నపట్నపు పుస్తకాలు:

జూలియా గ్రంథాన్ని ఆమె సమకాలికురాలు ఎమిలీ ఈడెన్ రచనతో పోల్చడం ఆంగ్ల విమర్శకు సహజం. ఈడెన్ కూడా నవలాకారిణి, యాత్రారచయిత్రి. గవర్నర్ జనరల్ ఆక్లండ్‌కు సోదరి. జూలియా రాజమండ్రిలో ఉన్న కాలంలోనే ఆమె ఉత్తర హిందూస్థానంలో పర్యటిస్తూ రాసిన ఉత్తరాలు 1866లో ‘అప్ ద కంట్రీ’గా వెలువడ్డాయి. కానీ తెలుగు పాఠకునికి అంతకంటే ప్రయోజనకరమైన పోలిక ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. దారిపొడుగునా తాను చూసినది రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపారు. ఆయన దానిని 1838లో అచ్చు వేయించారు. వీరాస్వామయ్య మరణించిన 1836లోనే జూలియా మద్రాసులో అడుగుపెట్టారు. ఆయన పుస్తకం చెన్నపట్నంలో అచ్చవుతున్న సంవత్సరంలో ఆమె రాజమండ్రినుంచి ఉత్తరాలు రాస్తున్నారు. రెండూ దూరాన ఉన్న ఆత్మీయులకోసం రాసినవే. రెండింటి వెనకా న్యాయస్థానం నీడ ఉంది. ఒకరు కోర్టు దుబాసీ, మరొకరు న్యాయాధికారి భార్య.

సామ్యం అంతవరకే. వీరాస్వామయ్య ఊరి ఇళ్లసంఖ్య, దొరికే సరుకులు, సత్రాలు, నదుల దాటుడు, బోయీల కష్టం చెపుతారు. తర్వాత వచ్చే యాత్రికునికి ఉపయోగపడాలన్నది ఆయన లక్ష్యం. జూలియా చెప్పేది ఇక్కడికి ఎన్నడూ రాని పాఠకులకు. వారికి దారి అక్కరలేదు, దృశ్యం కావాలి. అందుకే వీరాస్వామయ్య వాక్యం పట్టికలా సాగితే, జూలియా వాక్యం ప్రహసనంలోని రంగంలా సాగుతుంది. ఒకే కాలపు, ఒకే రాజధానికి చెందిన ఈ రెండు లేఖాగ్రంథాలలో ఏ సమాచారం ఉంది, ఏది లేదు అన్న తేడా ప్రధానంగా వారి పాఠకుల తేడావల్ల ఏర్పడినదే గాని, చూపు పదునులో తేడావల్ల కాదు.

4. హాస్యం ఎవరిమీద?

జూలియా హాస్యం రెండు దిక్కులకు తిరుగుతుంది. మొదటిది తనవారిమీద. మద్రాసులోని ఆంగ్లస్త్రీల సోమరితనం, ఎండకు భయపడి తెరలమాటున కాలం గడపడం, దేశం గురించి ఏమీ తెలుసుకోకపోవడమే గొప్పగా భావించడం ఆమె వ్యంగ్యానికి గురవుతాయి. ఈ దేశస్థుల గురించి మీరు ఏమి చూశారని ఆమె ఒక దొరసానిని అడిగితే, ఏమీ చూడలేదని, చూడకపోవడమే మంచిదని సమాధానం వచ్చిన సందర్భం ఈ పుస్తకంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది. ఆమె స్వయంగా స్థానిక భాష నేర్చుకోవడానికి పూనుకున్నారు. ఆంగ్లేయులు అప్పటికి ‘జెంటూ’ అని పిలుస్తున్న తెలుగును పలికే జనంతో మాట్లాడాలన్న కోరిక ఆమెలో ఉంది. ఈ ఆత్మవిమర్శ ఆ కాలపు ఆంగ్ల రచనలలో సులభంగా దొరకదు.

రెండోది స్థానికులమీద. బట్లర్లు, దుబాసీలు, గుమాస్తాలు, ఉద్యోగార్థులు మాట్లాడే విరిగిన ఇంగ్లీషును ఆమె యథాతథంగా అనుకరించి ముద్రించారు. వారు రాసిన అర్జీలలోని అతిశయోక్తులు లండన్ పాఠకులకు నవ్వు పుట్టించాయి. సరిగ్గా ఇక్కడ విమర్శకులు ఆగి ఆలోచించవలసి ఉంది. ఆ అతిశయోక్తి మాట్లాడేవాని స్వభావం కాదు. అది అర్జీ అనే ప్రక్రియ లక్షణం. ‘మహారాజరాజశ్రీ’ వంటి సంబోధనతో మొదలై, ఆశ్రయమిచ్చే ప్రభువును తల్లిగా తండ్రిగా స్తుతించి, చివర విన్నపం చెప్పుకోవడం తెలుగు, పారశీక లేఖనమర్యాదలలో స్థిరపడిన పద్ధతి. తెలుగులో ఆ వాక్యం చదివినవారెవరూ నవ్వరు. దానిని పదానికి పదంగా ఇంగ్లీషులోకి దించినప్పుడే అది హాస్యాస్పదమవుతుంది. అంటే జూలియా పుటలలో నవ్వుకు మూలం రెండు మర్యాదల మధ్య జారిపోయిన అనువాదం.

దీనికి తోడు ఆమె ఉన్న చోటు కూడా గమనించాలి. బంగళాకు వచ్చేవారు సాధారణంగా న్యాయాధికారితో పని ఉన్నవారు. వ్యాజ్యం నడుస్తున్న జమీందారు, కొలువు కోరే యువకుడు, కొలువు నిలుపుకోవాలనుకునే సేవకుడు అక్కడ స్వేచ్ఛగా మాట్లాడే అవకాశం లేదు. అధికారం ఎదుట పలికిన మాటను జాతి స్వభావంగా చిత్రించడం ఆమె దృష్టిలోని ప్రధానమైన లోపం. బర్నీ నవలలలోనూ పాత్రల మాటతీరునుంచే హాస్యం పుడుతుంది. అయితే అక్కడ నవ్వే పాఠకులూ, నవ్వుకు గురయ్యే పాత్రలూ ఒకే సమాజానికి, ఒకే భాషకు చెందినవారు. ఆ పద్ధతిని రాజమండ్రికి తెచ్చినప్పుడు నవ్వుకు గురయ్యేవారికి తిరిగి చెప్పే చోటు లేకుండాపోయింది.

5. బడి, చదువుగది: సాక్ష్యంగా లేఖల పరిమితి:

థామస్ దంపతులు రాజమండ్రిలో వేర్వేరు మతాల పిల్లలు చదివే ఒక బడిని నెలకొల్పారు. స్థానికులకోసం చదువుగదులు కూడా ఏర్పాటు చేశారు. ఇది ఆమె గ్రంథంలో తెలుగు పరిశోధకులకు ఎక్కువగా పనికివచ్చే భాగం. మద్రాసులో ప్రభుత్వ ఉన్నత పాఠశాల 1841లో తెరుచుకుంది. రాజమండ్రిలో తర్వాత కళాశాలగా ఎదిగిన ప్రభుత్వ పాఠశాల మొదలైనది 1853లో. ఈ రెండింటికంటే ముందు జరిగిన ప్రయత్నంగా థామస్ దంపతుల బడికి చరిత్రలో స్థానముంది. దానిని తక్కువ చేయవలసిన పని లేదు.

కానీ లేఖలను మాత్రమే చదివినవారికి అక్షరం లేని చోట అక్షరం వెలసినట్లు తోస్తుంది. వాస్తవం అది కాదు. థామస్ మన్రో ఆదేశంతో 1822 తర్వాత జరిగిన విద్యాసర్వేలో రాజమండ్రి జిల్లా కలెక్టరు వేదశాస్త్రాలు బోధించే 279 విద్యాస్థానాలనూ, వాటిలో చదివే 1,454 మందినీ నమోదు చేశారు. ధరంపాల్ ‘ద బ్యూటిఫుల్ ట్రీ’ (1983)లో ఈ నివేదికలను ప్రచురించారు. ఈ విద్య ప్రధానంగా బ్రాహ్మణులకే పరిమితమైనదన్నది నిజం. అక్షరమే లేదన్నది నిజం కాదు. సి.పి. బ్రౌన్ 1820లలోనే కడప, మచిలీపట్నాలలో ఉచిత పాఠశాలలు నడిపారు. వేమన పద్యాలను 1829లో ప్రచురించారు. రాజమండ్రిలోనూ ఉద్యోగం చేశారు. జూలియా వచ్చేనాటికి తెలుగు గ్రంథాల సేకరణ, పరిష్కరణ పండితుల చేతులమీదుగా సాగుతూనే ఉన్నాయి.

అయినా ఆమె బడికథలో తెలుగు ఉపాధ్యాయులు, పండితులు సహకర్తలుగా నిలబడరు. పరోపకారం చేసే దంపతులు, ఉపకారం పొందే జనం అన్న రెండే స్థానాలు ఆ కథనంలో ఉన్నాయి. పల్లెలవారు తమ పిల్లల చదువుకు తామే డబ్బు పెట్టుకోగలరన్న సంగతి 1850లలో రుజువైంది. నర్సాపురం ప్రాంతంలో సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలర్ స్థాపించిన పాఠశాలలకు స్థానిక రైతులే ఖర్చు భరించడానికి ముందుకు వచ్చారు. పదిహేనేళ్లలో పుట్టుకొచ్చిన గుణం కాదది. అంతకుముందూ ఆ శ్రద్ధ ఉండే ఉంటుందని, చెప్పేవారి కథలో దానికి చోటు దొరకలేదని అనుకోవడం సమంజసం.

చదువుగదుల విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. వాటిని గ్రంథాలయోద్యమానికి తొలిమెట్టుగా చెప్పాలన్న ఆకర్షణ పరిశోధకులకు కలుగుతుంది. అయితే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో నెలకొన్నాయి. వాటి ప్రేరణలు స్వభాషాభిమానం, జాతీయభావన. న్యాయాధికారి ఔదార్యంతో వెలసిన గదికీ, చందాలతో ప్రజలు కట్టుకున్న నిలయానికీ మధ్య ఆరు దశాబ్దాలకు పైగా ఎడం ఉంది. ముందు జరిగినదంతా తర్వాతిదానికి కారణమన్న తర్కం ఇక్కడ నిలవదు.

6. బొమ్మ మాట్లాడుతుంది, కుక్క మాట్లాడుతుంది:

జూలియా తర్వాతి పుస్తకాలను లేఖలతో కలిపి చదవడం అరుదు. ‘ద డాల్ అండ్ హర్ ఫ్రెండ్స్’ (1852) ఒక బొమ్మ చెప్పుకున్న ఆత్మకథ. ‘క్యాట్ అండ్ డాగ్’ (1854) కెప్టెన్ అనే కుక్క చెప్పిన కథ. రెండింటిలోనూ నోరులేనివి నిండైన, సంస్కారవంతమైన ఇంగ్లీషులో మాట్లాడతాయి. ఇతరులకు ఆనందం కలిగించడమే తన జాతి పుట్టుకకు ప్రయోజనమని బొమ్మ మొదట్లోనే తన్ను పరిచయం చేసుకుంటుంది. యజమానురాలి దయాదాక్షిణ్యాలమీద దాని బతుకు ఆధారపడి ఉంటుంది. దానిని ఎవరు ఎలా చూసుకున్నారన్న దానినిబట్టే ఆ పిల్లల గుణం తేటతెల్లమవుతుంది.

సేవించేవారి కంటితో యజమానులను చూపించే శక్తి ఈ రచయిత్రికి పుష్కలంగా ఉందని ఈ పుస్తకాలు నిరూపిస్తున్నాయి. అటువంటి రచయిత్రి రాజమండ్రి బంగళాలో తన పిల్లలను ఎత్తుకున్నవారికీ, వంట వండినవారికీ, పంకా లాగినవారికీ ఆ శక్తిని ఉపయోగించలేదు. బొమ్మకు దొరికిన భాష సేవకునికి దొరకలేదు. బొమ్మకు స్వంత భాష లేదు గనుక రచయిత్రి తన భాష ఇవ్వగలిగింది. తెలుగు సేవకునికి స్వంత భాష ఉంది. దానిని వినాలంటే ఇవ్వడం చాలదు, తీసుకోవడం తెలియాలి. ఈ వైరుధ్యాన్ని ఆమె వ్యక్తిగత దోషంగా కంటే, ఆనాటి పరోపకారదృష్టికి ఉన్న హద్దుగా గ్రహించడం సబబు. మూగవారిమీద దయ చూపడం ఆ దృష్టికి తెలుసు. మాట్లాడేవారిని సమానులుగా వినడం తెలియదు.

7. అనువాద సమస్య, ఎదురుచూపు:

ఈ లేఖలను తెలుగులోకి తెచ్చే అనువాదకులకు ఒక చిక్కు తప్పదు. విరిగిన ఇంగ్లీషును విరిగిన తెలుగుగా మారిస్తే తెలుగువాడు తన భాషనే తప్పుగా మాట్లాడినట్లవుతుంది. చక్కని తెలుగుగా మారిస్తే మూలంలోని హాస్యం, దానితోపాటు దాని అన్యాయమూ మాసిపోతాయి. అర్జీలను ఆనాటి అర్జీ మర్యాదలో పునర్నిర్మించి, మూలంలో అవి ఏ రూపంలో నవ్వు పుట్టించాయో పీఠికలో వివరించడం మేలైన మార్గం. అప్పుడు పాఠకులకు మాట్లాడినవాని గౌరవం, అచ్చువేసినవారి వంకర రెండూ కనిపిస్తాయి.

ఎదురుగా చూసినవారి గొంతు కూడా ఉంది. పోతం జానకమ్మ రాఘవయ్య 1873లో ఇంగ్లండు ప్రయాణం చేసి, తెలుగులో రాసుకున్న అనుభవాలను ఇంగ్లీషులో ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ పేరుతో 1876లో మద్రాసులో ప్రచురించారు. జూలియా పేరు దాచుకుంటే జానకమ్మ తన పేరుతోనే నిలబడ్డారు. ఆమె ఎవరి నాలుకనూ వెక్కిరించడానికి ఇంగ్లీషు వాడలేదు. ఈ రెండు పుస్తకాలనూ ఒకే పాఠ్యప్రణాళికలో పక్కపక్కన పెట్టి బోధిస్తే, యాత్రాసాహిత్యంలో చూసేవారి స్థానం ఎంత నిర్ణాయకమో విద్యార్థులకు వేరే సిద్ధాంతం లేకుండానే బోధపడుతుంది.

8. ముగింపు:

జూలియా మెయిట్‌లాండ్ లేఖలు తెలుగు ప్రాంత చరిత్రకు విలువైనవి, సాహిత్యంగా చదవదగినవి. ఆ రెండు గుణాలు ఒకదానినొకటి పరిమితం చేస్తాయి. పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. లేఖలు ముద్రణకోసం ఎంపికై, 1843 నాటి మత, విద్యావివాదాలలో ఒక పక్షం వహించిన రచనలు. వాటి చనువును చూసి నిష్పాక్షికత అనుకోరాదు.

2. కట్టడాలు, తేదీలు, ప్రయాణాలు, ఆంగ్ల సమాజపు అలవాట్ల విషయంలో ఆమె సాక్ష్యం బలమైనది. స్థానికుల స్వభావం విషయంలో బలహీనమైనది. ఎందుకంటే ఆమె విన్న మాటలు అధికారం ఎదుట పలికినవి.

3. ఆమె ముద్రించిన అర్జీల హాస్యం లేఖనమర్యాదల తేడానుంచి పుట్టింది. వాటిని తెలుగు అర్జీ సంప్రదాయంతో సరిపోల్చి చదవాలి.

4. రాజమండ్రి బడిని తొలి ఆంగ్ల విద్యాప్రయత్నాలలో ఒకటిగా గుర్తించవచ్చు. విద్యకే ఆరంభంగా చెప్పరాదు. మన్రో సర్వే, బ్రౌన్ కృషి, టేలర్ పాఠశాలల ఆధారాలతో కలిపే దానిని అంచనా వేయాలి.

5. ఆమె బాలసాహిత్యాన్ని లేఖలతో కలిపి చదివినప్పుడు ఆమె సానుభూతి ఎక్కడివరకు సాగిందో, ఎక్కడ ఆగిందో స్పష్టమవుతుంది.

రాజమండ్రి బంగళాలో ఆమెకు తెలుగు చెప్పినవారి, బడిలో పిల్లలకు పాఠం చెప్పినవారి, ఇల్లు నడిపినవారి జీవితాలు ఆ పుస్తకపు అంచులలో ఉండిపోయాయి. న్యాయస్థానపు దస్తావేజులు, జమీందారీ కుటుంబాల లేఖలు, పండితుల ఉత్తరప్రత్యుత్తరాలు తెరిచి చూసినకొద్దీ ఆ అంచులు పూరించే వీలుంది. జూలియా లేఖలు అడగవలసిన ప్రశ్నలను చూపించాయి. వాటికి సమాధానాలు తెలుగు ఆధారాలలో వెతకవలసిన బాధ్యత తెలుగు పరిశోధకులది.